ఏజెంటుకు అర్థమయ్యేలా టూల్ రాత – మూడో పాఠం: పేరు కింది వివరణ

ఏజెంటు అంటే ఏఐ మోడల్‌తో నడుస్తూ మన తరఫున పనులు చేసే ప్రోగ్రాం, టూల్ అంటే ఆ పనుల కోసం అది పిలిచే మన కోడ్. రెండో పాఠంలో టూల్‌కు పేరు పెట్టడం అయిపోయింది. ఈసారి ఆ పేరు కింద రాసే వివరణ చూద్దాం. ఉదాహరణ పాతదే: పంట, మార్కెట్, తేదీ ఇస్తే ధర చెప్పే చిన్న టూల్, ‘మార్కెట్_ధర’. కోడ్‌లో ఈ పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంటాయి, పాఠంలో మాత్రం పలికినట్టు రాస్తున్నాం.

ఏజెంటు మీ కోడ్ చూడదు. దాని ముందుకు వచ్చేవి ప్రధానంగా మూడు: టూల్ పేరు, వివరణ, ఇన్‌పుట్‌ల స్కీమా (ఏ ఇన్‌పుట్ ఏ రూపంలో ఇవ్వాలో చెప్పే పట్టిక). టూళ్లను ఏజెంట్లకు కలపడానికి 2024 నవంబరులో వచ్చిన ఎంసీపీ పద్ధతిలో సర్వర్ పెట్టినా, టూల్‌ను నేరుగా మోడల్ ఏపీఐకి (కోడ్ నుంచి మోడల్‌ను పిలిచే దారికి) అప్పగించినా అంతే. కొత్తగా చేరిన గుమస్తాకు ఏదైనా తెలియకపోతే పక్కాయన్ని అడుగుతాడు. ఏజెంటు చాలాసార్లు అడగదు. మీరు రాయని చోటును తనకు తోచినదానితో నింపుకొని ముందుకు పోతుంది, జవాబు కూడా నమ్మకంగానే చెబుతుంది.

చాలామంది రాసే వివరణ ఇది: ‘మార్కెట్ ధరను ఇస్తుంది.’ ఇందులో అన్నిటికన్నా పెద్ద లోటు కొలత.

నల్లగొండలో బత్తాయి బేరం టన్ను లెక్కన సాగుతుంది. మిర్యాలగూడ వడ్లకు, జడ్చర్ల దగ్గరి బాదేపల్లి యార్డులో పల్లికాయకు క్వింటాలు లెక్క. కొనుగోలు కేంద్రంలో వడ్ల బస్తా 40 కిలోలు. మీ టూల్ ‘ధర: 2300’ అని మాత్రమే పంపిందనుకుందాం. రైతు అడుగుతాడు: ‘అరవై బస్తాల వడ్లున్నయి, ఎంతొస్తది?’ ఏజెంటు 60ని 2300తో గుణిస్తే 1,38,000 వస్తుంది. అసలు లెక్క వేరు: 60 బస్తాలంటే 2,400 కిలోలు, అంటే 24 క్వింటాళ్లు, 55,200 రూపాయలు. ఏజెంటు చెప్పిన 1,38,000ను నమ్మి ఎవరైనా అప్పు మాట ఇచ్చేస్తే? అందుకే కొలతను వివరణలో ఒక్కచోట రాసి వదలొద్దు, జవాబులోని ఫీల్డు పేరులోనే పెట్టండి: ‘రూపాయలు_క్వింటాలుకు’. బత్తాయి ధరను టన్ను నుంచి క్వింటాలుకు మార్చే పని కోడ్‌లోనే ముగించండి. పదితో భాగించడమే అయినా సరే, లెక్కను ఏజెంటు మీద వేయొద్దు.

తిరగరాసిన వివరణ ఇలా ఉంటుంది:

‘ఒక మార్కెట్ యార్డులో ఒక పంటకు ఒక రోజు పలికిన కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, ఎక్కువ సరుకు అమ్ముడైన ధర ఇస్తుంది. అన్నీ క్వింటాలుకు రూపాయల్లో. వాడుకరి బస్తాల్లో అడిగితే ముందు బస్తా బరువు కనుక్కోవాలి. జరిగిన అమ్మకాల ధరలే ఉంటాయి, రాబోయే ధరల అంచనాకు వాడొద్దు. ప్రభుత్వ మద్దతు ధరకు మద్దతు_ధర టూల్ వాడాలి.’

చివరి రెండు వాక్యాలు రాయడానికి చాలామంది బద్ధకిస్తారు. టూల్ దేనికి పనికిరాదో చెప్పకపోతే, పోలికలున్న రెండు టూళ్ల మధ్య ఏజెంటు తడబడుతుంది.

ఇన్‌పుట్‌ల దగ్గరికి వస్తే, 03-04-2025 అంటే మనకు ఏప్రిల్ 3, అమెరికా అలవాటులో మార్చి 4. సంవత్సరం, నెల, రోజు వరుసలో 2025-04-03 అని నమూనాతో సహా రాయండి. ‘ఈరోజు’ ఏ తేదీయో ఏజెంటుకు తెలియకపోవచ్చు. తేదీ ఇవ్వకపోతే చివరిగా మార్కెట్ నడిచిన రోజు ధర ఇచ్చి, ఆ తేదీని జవాబులో చూపండి. మార్కెట్ పేర్లు పది పదిహేనే ఉంటే స్కీమాలో ఈనమ్‌గా, అంటే వీటిలో ఒకటే ఎంచుకోవాలనే జాబితాగా పెట్టేయండి. పాలమూరు అన్నా మహబూబ్‌నగర్ అన్నా ఒకే కోడ్‌కు చేరాలి. వందల మార్కెట్లుంటే అన్నీ కుక్కకుండా పేరు వెతికే టూల్ విడిగా ఇవ్వండి.

ఇక ఖాళీ జవాబు. ఎక్కువ తప్పులు పుట్టేది ఇక్కడే. ఆ రోజు యార్డుకు సెలవు కావచ్చు, ఆ పంట రాకపోయి ఉండవచ్చు, మార్కెట్ పేరు తప్పు పడి ఉండవచ్చు. మూడింటికీ ఖాళీ జాబితానే పంపితే ఏజెంటు ‘కొనేవాళ్లు లేరు’ అని చెప్పినా చెబుతుంది. మూడింటికీ మూడు వేర్వేరు మాటలు కావాలి. అలాగే ‘ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్’ అని మాత్రమే తిప్పి పంపితే, అదే తప్పుతో మళ్లీ మళ్లీ పిలుస్తుంది. ఇలా పంపండి: ‘మిర్యాలగుడ అనే మార్కెట్ లేదు. దగ్గరి పేరు మిర్యాలగూడ. ఆ పేరుతో మళ్లీ పిలవండి.’ సర్వర్ పనిచేయనప్పుడు: ‘ధర ఇప్పుడు అందడం లేదు. బదులుగా వేరే మార్కెట్ ధర చెప్పొద్దు.’

పరీక్షకు పది ప్రశ్నలు రాసుకోండి, అదీ జనం అడిగే తీరులో: ‘బాదేపల్లిల పల్లికాయ ఎంత నడుస్తున్నది?’, ‘నిన్న నల్లగొండల బత్తాయి టన్నుకు ఎంత పోయింది?’. ఆ పదిలో ఈ టూల్‌ను అసలు పిలవకూడని ప్రశ్నలు కనీసం రెండు ఉండాలి: ‘వచ్చే నెల వడ్లు ఎంతుంటయి?’ లాంటివి. ప్రతి ప్రశ్ననూ మూడేసి సార్లు అడగండి, ఎందుకంటే ఒకే ప్రశ్నకు ఏజెంటు ప్రతిసారీ ఒకే దారిన పోదు. ఏ టూల్‌ను పిలిచింది, ఏ ఇన్‌పుట్ ఇచ్చింది, చివరికి ఏమంది, మూడూ రాసి పెట్టుకోండి. తప్పు కనబడితే వివరణలో ఒక్క వాక్యమే మార్చి ముప్పై పిలుపులూ మళ్లీ నడపండి. ఒకేసారి నాలుగు వాక్యాలు మారిస్తే ఏది పనిచేసిందో తేలదు.

నాలుగో పాఠానికి ఆ ముప్పై వరుసల పట్టిక దగ్గర పెట్టుకోండి. అక్కడ సమాచారం చదివి చెప్పే టూల్ కాదు, కొనుగోలు కేంద్రంలో రైతుకు టోకెన్ రాసేలాంటి టూల్ తీసుకుంటాం. రెండుసార్లు పిలిస్తే రెండు టోకెన్లు పుట్టే టూల్ అది.