అరవై దాటాక – మూడో పాఠం: చేతులు ఆనకుండా లేవడం

కిందటి పాఠంలో నడక వేగం చూసుకున్నాం. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అలా వారానికి 150 నిమిషాలు. మన విశాఖలో నడిచేవాళ్ళకి కొదవ లేదు. తెల్లారేసరికి బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం ముందు సందడే సందడి, శివాజీ పార్కులోనూ అంతే. కానీ అదే మనుషులు బెంచీ మీంచి ఎలా లేస్తున్నారో ఓసారి గమనించండి. ఒక చెయ్యి బెంచీ మీద, ఇంకోటి మోకాలి మీద, నోట్లో "అమ్మా!".

నాదీ అదే బాపతు. ముప్ఫయ్యేళ్ళు నిలబడి ఉద్యోగం చేశాను, రోజూ నాలుగు కిలోమీటర్లు నడిచేవాణ్ణి. ఒకరోజు మనవరాలితో నేలమీద కూర్చుని ఆడాను. లేవబోతే మంచంకోడు పట్టుకోవలసి వచ్చింది. చదును రోడ్డు మీద నడిస్తే తొడ కండరాలకి పెద్దగా బరువు పడదు. కూర్చుని లేచేటప్పుడు ఒళ్ళంతటి బరువునీ తొడలూ పిరుదులే ఎత్తాలి. బరువు పడని కండ వయసుతో కరిగిపోతుంది. నడక మానమనడం లేదు, దానికి ఇది తోడు కావాలి.

ముందు పరీక్ష. చేతులు లేని గట్టి కుర్చీని గోడకి ఆనించండి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, టైల్స్ మీద జారుతుంది. సోఫా అసలే వద్దు. చేతులు గుండెల మీద అడ్డంగా పెట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. ఫోన్‌లో టైమర్ పెట్టి, పక్కన ఒక మనిషిని ఉంచుకోండి. చెయ్యి ఆనించారంటే లెక్క సున్నా. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ పట్టిక ప్రకారం 65–69 వయసులో మగవాళ్ళకి 12, ఆడవాళ్ళకి 11 కంటే తగ్గితే పడిపోయే ముప్పు ఉన్నట్టు. 70–74లో మగవాళ్ళకి 12, ఆడవాళ్ళకి 10. నాకు మొదటిసారి తొమ్మిది వచ్చాయి. మా బావమరిది చూసి "ఏటి బావా, ఈ వయసులో గుంజీలా?" అని నవ్వాడు. అన్నమాట నిజమే! సంపత్ వినాయకుడి గుడిలో చెవులు పట్టుకుని తీసేవాటికి ఇది దగ్గర చుట్టమే, మధ్యలో కుర్చీ ఒకటి అడ్డం, అంతే తేడా.

ఇప్పుడు అసలు పని. కుర్చీ అంచుకి జరగండి. పాదాలు మోకాళ్ళకంటే కాస్త వెనక్కి, నేలకి పూర్తిగా ఆని ఉండాలి. ముక్కు కాలివేళ్ళ మీదికి వచ్చేదాకా ముందుకి వంగండి. చాలామంది తప్పేది ఇక్కడే. నిటారుగా కూర్చుని లేవబోతారు, బరువంతా వెనకే ఉండిపోతుంది. వంగాక, ఊపిరి వదుల్తూ మడమలు నేలకి నొక్కి లేవండి. ఊపిరి బిగబడితే బీపీ పెరుగుతుంది. కూర్చునేటప్పుడు ఒకటి, రెండు, మూడు లెక్కపెడుతూ దిగండి. దబ్బున కూలబడితే సగం పని కుర్చీకి అప్పగించినట్టే. నెమ్మదిగా దిగడంలోనే కండకి ఎక్కువ పని.

ఎనిమిది సార్లు చేసి, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఎనిమిది. వారంలో మూడు రోజులు, రోజు విడిచి రోజు. తొడలు మర్నాడు సలిపితే ఫరవాలేదు. మోకాలి కీలులో పోటు వస్తే మాత్రం కుర్చీ మీద గట్టి దిండు వేసి ఎత్తు పెంచండి, అప్పటికీ తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు లేచాక ఆగి, కళ్ళు తిరగడం లేదని చూసుకున్నాకే కదలండి. రాత్రి బాత్రూముకి లేచేటప్పుడూ ఇదే పద్ధతి. విశాఖ ఉక్కపోతలో చెమట బాగా పోయిన రోజు నీళ్ళు తాగకుండా మొదలుపెట్టొద్దు.

వంటగట్టు పట్టుకునే వీలుగా నిలబడి ఇంకో చిన్న పని కూడా: ఒక పాదం మడమ రెండో పాదం వేళ్ళకి తగిలేలా పెట్టి, 10 సెకన్లు. నిలవలేకపోతే ప్రస్తుతానికి గట్టు మీద ఒక వేలు ఆనించండి.

తిండి సంగతి ఒక్క ముక్క. మన వైపు అందరూ చోడి (రాగి) అంబలినే నమ్ముకుంటారు. ఎముకకి మంచిదే, కాల్షియం దండిగా ఉంటుంది. కండకి మాత్రం పప్పు, గుడ్డు, చేప కావాలి. 60 కిలోల మనిషికి రోజుకి సుమారు 50 గ్రాముల ప్రోటీన్ అవసరం, గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడిగాకే పెంచాలి.

ఈ వారం వచ్చిన లెక్కని గోడ క్యాలెండర్ మీద రాసి పెట్టండి. నెల తర్వాత అదే కుర్చీ, అదే గోడ, మళ్ళీ 30 సెకన్లు. వచ్చే పాఠం మెట్లు. ఎక్కడం కంటే దిగడానికే ఎందుకు భయపడాలో అందులో చూద్దాం. ఈలోగా మీ ఇంటి మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ ఏ చేతివైపు వస్తుందో చూసి ఉంచుకోండి.