పీజీ పరిశోధన ప్రాజెక్టు – 4వ పాఠం: ముందు ఖాళీ పట్టిక, ఆ తర్వాతే నీటి సీసా

గత మూడు పాఠాల్లో అంశం ఎంచుకోవడం, పాత పరిశోధనలు చదవడం, సినాప్సిస్ రాయడం చూశాం. ఇక్కడి నుంచి చివరి దాకా ఒకే ప్రాజెక్టును పట్టుకుని నడుద్దాం. నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్ళలో తాగునీటి ఫ్లోరైడ్‌ను తీసుకుందాం. పర్యావరణ శాస్త్రం, భూగర్భ శాస్త్రం, ప్రజారోగ్యం, గ్రామీణాభివృద్ధి చదివేవాళ్ళలో ఎవరికైనా పనికొచ్చే అంశమిది. మీ అంశం వేరైనా పని జరిగే వరుస ఇదే.

ఈ అంశం ఎంచుకున్న విద్యార్థులు ఎక్కువగా రాసే ప్రశ్న ‘ఈ మండలంలో భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎంత?’ ఈ ప్రశ్నకు జవాబు చాలాసార్లు వచ్చింది. ఇప్పటి ప్రకాశం జిల్లా ప్రాంతంలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు దెబ్బతినే జబ్బు) ఉందని 1937లోనే ప్రచురించారు. నల్లగొండ గ్రానైట్ రాళ్ళలోని అపటైట్, బయోటైట్ వంటి ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీటిలోకి దిగుతుందనీ, కాల్షియం తక్కువగా, సోడియం బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న నీళ్ళలో అది మరింత పెరుగుతుందనీ పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. ఇంకో ముప్పై బోర్ల నీళ్ళు పరీక్షించి ‘ఇక్కడా ఎక్కువే’ అని రాస్తే డిగ్రీ వస్తుంది గానీ ఆ ఊళ్ళో ఏ నిర్ణయమూ మారదు.

అనువర్తిత పరిశోధన అంటే ఎవరో ఒకరు తీసుకోబోయే నిర్ణయానికి ఆధారం ఇవ్వడం. 2016లో మొదలైన మిషన్ భగీరథతో ఈ ఊళ్ళకు శుద్ధి చేసిన కృష్ణా నీళ్ళు నల్లాల్లో వస్తున్నాయి. కాబట్టి ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇది: నల్లా వచ్చాక కూడా ఎన్ని కుటుంబాలు తాగడానికో, వంటకో, పొలం దగ్గరో బోరు నీళ్ళు వాడుతున్నాయి, ఎందుకు? ఈ జవాబు గ్రామీణ నీటి సరఫరా ఇంజనీరుకు కావాలి, పంచాయతీకి కావాలి, ఆశా కార్యకర్తకు కూడా కావాలి. సినాప్సిస్ ఆమోదం పొందకముందే ఆ ఇంజనీరును కలిసి ఒక్క మాట అడగండి: ‘ఏ అంకె చూస్తే మీరు ఈ ఊరి గురించి వేరేగా ఆలోచిస్తారు సార్?’ ఆయన చెప్పే జవాబే మీ ప్రాజెక్టుకు చివరి పట్టిక.

ఖాళీ పట్టికలు

ప్రశ్నావళి రాయకముందే, సీసాలు కొనకముందే థీసిస్‌లో రాబోయే పట్టికలు అంకెలు లేకుండా గీయండి. ఈ ప్రాజెక్టుకు మూడు చాలు. మొదటిదానిలో అడ్డంగా నీటి వనరులు ఉంటాయి: నల్లా, ఇంటి బోరు, వీధి చేతిపంపు, ఆర్‌ఓ ప్లాంటు క్యాను. నిలువుగా అవసరాలు ఉంటాయి: తాగడం, అన్నం, పప్పు, టీ, పొలం దగ్గర, బడిలో. రెండోదానిలో ప్రతి వనరుకూ ఫ్లోరైడ్‌ను బట్టి మూడు గడులు: లీటరుకు 1.0 మిల్లీగ్రాము లోపు, 1.0 నుంచి 1.5, 1.5 పైన. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 (2012) ప్రకారం 1.0 ఆమోదయోగ్య పరిమితి, వేరే వనరు లేకపోతే 1.5 దాకా అనుమతి. మూడో పట్టిక నల్లా నీళ్ళు తాగకపోవడానికి కారణాలది: రుచి, వేళ, పైపు పగలడం, నమ్మకం లేకపోవడం.

వంటను తాగడం నుంచి ఎందుకు విడదీశామంటే, కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో అది చిక్కబడుతుంది. అన్నం వండిన నీళ్ళలో ఎక్కువ భాగాన్ని బియ్యమే పీల్చుకుంటుంది. తాగేది క్యాను నీళ్ళయినా వంట బోరు నీళ్ళతో సాగే ఇంటిని ‘సురక్షితం’ గడిలో వేస్తే పట్టిక అబద్ధం చెబుతుంది.

పట్టికలు గీశాక ప్రశ్నావళి తీసుకుని ఒక్కో ప్రశ్నను ‘ఇది ఏ గడిలో పడుతుంది?’ అని అడగండి. ఏ గడిలోనూ పడని ప్రశ్న కొట్టేయండి. అలా కొట్టేస్తూ పోతే నలభై ప్రశ్నలు పదహారో పద్దెనిమిదో అవుతాయి. గైడ్ ‘కులం, ఆదాయం కూడా అడగండి’ అంటే ఆ సమాచారాన్ని ఏ పట్టికలో చూపాలో గైడ్‌నే అడిగి, ఆ పట్టిక గీశాకే చేర్చండి.

ఎన్ని ఇళ్ళు?

ముందే తెలిసిన నిష్పత్తి లేనప్పుడు 50 శాతం అనుకుంటాం. 95 శాతం విశ్వాసంతో, 10 శాతం అటూఇటూ తేడాతో లెక్క ఇలా ఉంటుంది: 1.96 × 1.96 × 0.5 × 0.5 ÷ (0.1 × 0.1) = 96.04. ఇక్కడే ఆగిపోయి ‘నమూనా 96’ అని రాసిన థీసిస్‌లు చాలా ఉన్నాయి. కానీ మీరు వెళ్ళేది విడివిడి ఇళ్ళకు కాదు, ఊళ్ళకు. ఒకే ఊరి ఇళ్ళు ఒకే పైపు, ఒకే రకం బోర్ల మీద ఆధారపడతాయి గనుక ఒకదానికొకటి పోలి ఉంటాయి. అందుకే ఆ సంఖ్యను 2తో హెచ్చిస్తాం: 192. పది శాతం ఇళ్ళు జవాబివ్వవనుకుని 0.9తో భాగిస్తే 214. ఇరవై ఊళ్ళు, ఊరికి 11 ఇళ్ళు, మొత్తం 220.

ఊళ్ళను జనాభా నిష్పత్తిలో యాదృచ్ఛికంగా తీయండి. ఊళ్ళో ఇళ్ళ జాబితా అంగన్‌వాడీ టీచర్ దగ్గరో ఆశా దగ్గరో ఉంటుంది. ఊళ్ళో 330 ఇళ్ళుంటే 330 ÷ 11 = 30. 1 నుంచి 30 లోపు ఒక చీటీ తీయండి, 17 వస్తే 17, 47, 77 అలా వెళ్ళండి.

తాళం వేసిన ఇళ్ళ దగ్గరే ఈ ప్రాజెక్టు ఎక్కువగా చెడుతుంది. నాట్ల కాలంలో, పత్తి ఏరే కాలంలో పగలు వెళ్తే సగం ఇళ్ళకు తాళాలుంటాయి. అలసిపోయి పక్కింటికి వెళ్ళిపోతారు. తాళం వేసి ఉన్నది కూలికి, పొలానికి పోయినవాళ్ళ ఇల్లు. పొలం బోరు నీళ్ళు తాగేది సరిగ్గా వాళ్ళే. వాళ్ళను వదిలేసి ఇంట్లో ఉన్నవాళ్ళను అడిగితే ‘బోరు నీళ్ళు దాదాపు ఎవరూ తాగట్లేదు’ అనే ఫలితం వస్తుంది. ఉదయం ఆరు నుంచి ఎనిమిది లోపు, లేదా పొద్దుగూకాక వెళ్ళండి. అదే ఇంటికి మరో రెండుసార్లు వెళ్ళాకే ‘దొరకలేదు’ అని రాయండి, పక్కింటిని మాత్రం చేర్చకండి. ఆ పది శాతం అదనం దీనికోసమే.

అడిగే తీరు

‘మీరు ఏ నీళ్ళు తాగుతారు?’ అంటే ‘భగీరథ నీళ్ళే’ అనే జవాబు వస్తుంది. చేతిలో కాగితాలున్న మనిషిని ఊళ్ళో ప్రభుత్వ మనిషి అనుకుంటారు. అలవాటును అడగకుండా ఆ రోజు జరిగింది అడగండి: ‘అక్కా, ఇయ్యాల పొద్దుగాల్నుంచి తాగిన నీళ్ళు ఏడికెల్లి తెచ్చిన్రు? ఆ బిందె జూపిస్తరా?’ చూపించిన బిందె నుంచే నమూనా తీయండి. ఒకే బిందెలో నల్లా నీళ్ళూ బోరు నీళ్ళూ కలిపే ఇళ్ళుంటాయి, వాటికి ‘మిశ్రమం’ అనే కోడ్ ముందే పెట్టుకోవాలి. మీ పట్టిక కుటుంబం ఏం తాగుతోందని అడుగుతుంది గనుక బిందె నీళ్ళే సరైన నమూనా. బోర్ల మ్యాపు గీసే ప్రాజెక్టయితే నేరుగా బోరు నుంచి తీయాలి. రెండూ కలిపి ఒకే పట్టికలో వేయకూడదు.

మనుషులను అడిగే పని కాబట్టి సంస్థ నైతిక కమిటీ అనుమతి, ప్రతి ఇంటి నుంచీ సమ్మతి పత్రం తప్పనిసరి. కమిటీ సమావేశాలు తరచుగా జరగవు, తేదీ ముందే కనుక్కోండి. పిల్లల పళ్ళ మచ్చలు చూసి గ్రేడు ఇవ్వడం శిక్షణ పొందిన దంతవైద్యుల పని, అది మీ ప్రాజెక్టులో పెట్టకండి.

నమూనాలో లేని ఒక ఊళ్ళో పదిహేను ఇళ్ళలో ముందుగా ప్రయత్నించి చూడండి. ఇంటికి ఇరవై అయిదు నిమిషాలు దాటుతుంటే ప్రశ్నావళిని ఇంకా కుదించాలి.

సీసా, లేబులు, ఎలక్ట్రోడ్

నమూనా 250 మిల్లీలీటర్ల పాలిథీన్ సీసాలో తీయండి, ఫ్లోరైడ్‌కు గాజు వద్దు. అదే నీళ్ళతో మూడుసార్లు కడిగి నింపాలి. ఫ్లోరైడ్ నమూనాకు ఆమ్లం కలపనవసరం లేదు, 28 రోజుల దాకా నిలుస్తుంది. కాల్షియం, సోడియం కూడా చూడాలంటే వేరే సీసా తీసి నైట్రిక్ ఆమ్లంతో పీహెచ్ 2 లోపుకు తేవాలి. పీహెచ్, విద్యుత్ వాహకత మాత్రం అక్కడికక్కడే చూడాలి. బోరు నుంచి తీసేటప్పుడు వాహకత అంకె నిలకడకు వచ్చేదాకా పంపు నడవనివ్వండి, లేదంటే పైపులో నిలిచిన నీళ్ళే వస్తాయి.

లేబులు మూత మీద కాకుండా సీసా ఒంటి మీద, నీటికి చెరగని మార్కరుతో రాయండి. కడిగేటప్పుడు మూతలు మారిపోతాయి. ‘మ03-07-బిం’ లాంటి కోడ్ చాలు: మండలం, ఊరు, ఇల్లు, బిందె. ఇంటి యజమాని పేరు సీసా మీద ఉండకూడదు.

ల్యాబ్‌లో రెండు దారులున్నాయి. స్పాడ్న్స్ (SPADNS) అనే రంగు ఎంత తగ్గిందో చూసి ఫ్లోరైడ్‌ను లెక్కించే పద్ధతి చౌక, కానీ రంగుకూ ఫ్లోరైడ్‌కూ మధ్య సరళరేఖ సంబంధం లీటరుకు 1.4 మిల్లీగ్రాముల దాకానే సాగుతుంది. ఆ పైన నీళ్ళను పలుచన చేయాలి. క్షారత, క్లోరైడ్, అల్యూమినియం దానికి అడ్డం వస్తాయి. ఈ ప్రాంతపు నీళ్ళలో క్షారత ఎక్కువ. అందుకే అవకాశముంటే ఫ్లోరైడ్ అయాన్ ఎలక్ట్రోడ్ (ఫ్లోరైడ్ గాఢతను బట్టి మారే మిల్లీవోల్టులను చూపే కడ్డీ) వాడమనే మా సలహా.

ఎండబెట్టిన సోడియం ఫ్లోరైడ్ 2.210 గ్రాములు లీటరు అయనరహిత జలంలో కరిగిస్తే లీటరుకు 1000 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ మూల ద్రావణం వస్తుంది. దాన్ని పలుచన చేసి లీటరుకు 0.5, 1, 2, 5, 10 మిల్లీగ్రాముల ప్రమాణ ద్రావణాలు (గాఢత ముందే తెలిసినవి) చేసుకోండి. తక్కువ గాఢతవి ఎప్పటికప్పుడు తాజాగా చేయాలి. నమూనాకూ ప్రమాణానికీ సమాన పరిమాణంలో టిసాబ్ (TISAB) అనే బఫరు ద్రావణం కలపాలి. అది పీహెచ్‌ను 5 నుంచి 5.5 మధ్య నిలుపుతుంది, అయాన్ల బలాన్ని అన్నిటిలో ఒకేలా చేస్తుంది, అల్యూమినియం, ఇనుము పట్టి ఉంచిన ఫ్లోరైడ్‌ను విడిపిస్తుంది. ఈ చివరి పనిని తేలిగ్గా తీసుకోవద్దు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే నల్లగొండ పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధనా సంస్థ (నీరి) రూపొందించింది. ఆ పద్ధతిలో శుద్ధి చేసిన నీళ్ళలో అల్యూమినియం మిగలవచ్చు. టిసాబ్ లేకుండా కొలిస్తే ఫ్లోరైడ్ తక్కువ కనిపిస్తుంది, శుద్ధి ఉన్నదానికంటే బాగా జరిగినట్టు తేలుతుంది.

1, 10 ద్రావణాల రీడింగుల మధ్య తేడా 54 నుంచి 60 మిల్లీవోల్టులుండాలి. లేకపోతే ద్రావణాలైనా తప్పు, ఎలక్ట్రోడ్ అయినా పాడైంది. నమూనాలు మొదలుపెట్టకండి. తక్కువ గాఢత నుంచి ఎక్కువకు వెళ్ళండి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను గది వేడికి రానివ్వండి. స్టిరర్ వేడి బీకరుకు తగలకుండా మధ్యలో థర్మోకోల్ ముక్క పెట్టండి. ప్రతి పది నమూనాలకూ ఒక జంట నమూనా (అదే నీటిని రెండోసారి కొలవడం), ఒక తెలిసిన ప్రమాణ ద్రావణం పెట్టాలి. ప్రమాణం పది శాతం దాటి తప్పితే ఆ పదీ మళ్ళీ కొలవాలి. ‘సమయం లేదు’ అని విద్యార్థులు ముందుగా వదిలేసేది ఈ తనిఖీనే. వైవాలో పరీక్షకులు ముందుగా అడిగేదీ ఇదే.

1.45, 1.55 వచ్చిన రెండు ఇళ్ళను ‘మంచివి, చెడ్డవి’ అని విడదీయకండి, కొలతలో ఆ మాత్రం తేడా ఎప్పుడూ ఉంటుంది. సరిహద్దు దగ్గర పడ్డవాటిని మూడేసి సార్లు కొలిచి సగటు రాయండి. పరికరం చూడగల హద్దు కంటే తక్కువ వస్తే సున్నా అని వేయకుండా ‘హద్దు కంటే తక్కువ’ అని కోడ్ వేయండి.

ఇక కాలం. వానలకు ముందు మే, వానల తర్వాత నవంబరు, ఈ రెంటిలో నీటి మట్టం, ఫ్లోరైడ్ రెండూ మారవచ్చు. నాలుగో సెమిస్టరు జనవరిలో మొదలయ్యే కోర్సులో రెండు కాలాలూ కావాలంటే మూడో సెమిస్టరులోనే, నవంబరులో మొదటి విడత తీయాలి. అది కుదరకపోతే ఒక్క కాలానికే పరిమితమై, శీర్షికలోనే ఆ సంగతి రాయండి.

నమూనా ఇచ్చిన ప్రతి ఇంటికీ దాని ఫలితం తెలుగులో ఒక చీటీ మీద చేరాలి: అంకె, అది పరిమితికి పైనా లోపా, వంటకు ఏ నీళ్ళు వాడాలి. ఈ పనికి రెండు రోజులు ప్రణాళికలోనే కేటాయించండి.

వచ్చే పాఠంలో ఈ 220 ఇళ్ళ సమాచారాన్ని షీటులోకి ఎక్కించడం, కోడ్‌బుక్, తప్పులు ఏరడం చూద్దాం. ఈలోపు మీ అంశానికి మూడు ఖాళీ పట్టికలు గీసి, ఒక్కోదాని కింద దాన్ని చూసి నిర్ణయం తీసుకోబోయే అధికారి హోదా రాయండి. హోదా రాయలేకపోయిన పట్టికను తీసేసి మరొకటి గీయండి.