కరిగిపోయిన థర్మాకోల్ కొండ

28 మిల్లీమీటర్ల డ్రాగన్ వేటగాడి బొమ్మను గండికోట లోయలాంటి కొండ అంచున నిలబెడదామనుకున్నాను. థర్మాకోల్‌ను పొరలుపొరలుగా చెక్కి స్ప్రే ప్రైమర్ (రంగుకు ముందు వేసే తొలిపూత) కొట్టాను. కాసేపటికే కొండ నిండా గుంటలు! స్ప్రేలోని సాల్వెంట్ థర్మాకోల్‌ను కరిగిస్తుందట. బొమ్మ మీదేమో ప్రైమర్ ఇసుక చల్లినట్టు గరుగ్గా పడింది. కడప ఎండలో, మిట్టమధ్యాహ్నం మిద్దె మీద కొడితే రంగు సగం గాల్లోనే ఆరిపోదా మరి!

లోహపు బొమ్మ కాబట్టి రాత్రంతా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే శుభ్రంగా వదిలింది. ఈసారి పొద్దున ఆరింటికే, డబ్బా బాగా ఊపి, జానెడు దూరం నుంచి పలచగా రెండుసార్లు కొట్టాను. నున్నగా వచ్చింది.

కొత్త కొండకు ముందు ఫెవికాల్, సన్న ఇసుక కలిపి పూసి, ఆరాక బ్రష్‌తోనే యాక్రిలిక్ రంగు వేశాను. అంచుకు మాత్రం బండలు కోసేచోట పారేసిన కడప రాయి పెచ్చులు అతికించాను. ఆ రాయి పొరలుగానే విరుగుతుంది, అచ్చం చిన్న లోయే! రంగు కూడా అక్కర్లేదు. బరువు ఎక్కువై కొండ అడుగున పెట్టిన అట్ట వంగింది, కింద ప్లైవుడ్ ముక్క వేయాల్సి వచ్చింది.