నా ఎయిర్ రైఫిల్ స్కోప్ జీరో నిలబడింది ఇలా

పది మీటర్ల దగ్గర స్కోప్‌ను జీరో చేస్తే, అంటే గురిపెట్టిన చోటే పెల్లెట్ పడేలా సరిచేస్తే, మొదటి ఐదు పెల్లెట్లూ ఒకేచోట పడేవి. ఇరవై కాల్చేసరికి పెల్లెట్ల గుంపు అంగుళం పక్కకి పోయేది. నాది .177 అంగుళాల పెల్లెట్ వాడే స్ప్రింగ్ రైఫిల్, చవక స్కోప్. స్కోపే పాడైందనుకుని కొత్తది కొనబోయాను. రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని (ఇది ఎప్పుడూ మానొద్దు) స్కోప్ విప్పితే, రైలు (రైఫిల్ పైన స్కోప్ బిగించే పట్టీ) మీద గీతలు. స్కోప్‌ను రైలుకు పట్టి ఉంచే మౌంట్ వెనక్కి జారుతోంది!

స్ప్రింగ్ రైఫిల్ రెండువైపులా తంతుంది: స్ప్రింగ్ తోసే పిస్టన్ ముందుకి కదిలేటప్పుడు వెనక్కి, ఆగేటప్పుడు ముందుకి. ఆ రెండో తన్నుకే మౌంట్ జారుతుంది.

రైలు మీది నూనెను స్పిరిట్‌తో తుడిచాను. జారకుండా ఆపే స్టాప్ పిన్ ఉన్న మౌంట్ కొని, పిన్నును రైలు రంధ్రంలోకి దించాను. స్క్రూలు ఒక్కోటీ కొంచెంకొంచెంగా, మార్చిమార్చి బిగించాను. రైఫిల్‌ను గట్టిగా పట్టడం మానేసి, తెరిచిన అరచేతిలో ఆనించాను.

యాభై పెల్లెట్లయినా జీరో కదల్లేదు. పది మీటర్ల దగ్గర మసక మాత్రం ఉంది, ఎందుకంటే ఈ స్కోప్ పారలాక్స్‌ను (ఏ దూరంలో బొమ్మ, గురి గీతలు కలిసి సరిగ్గా కనిపించాలన్నది) ఎక్కువ దూరానికి సరిచేసి పెట్టారు. ఈసారి కొనేది పది మీటర్లకు ఫోకస్ తిప్పుకోగల ఏఓ (అడ్జస్టబుల్ ఆబ్జెక్టివ్, అంటే ముందు లెన్స్ తిప్పి సరిచేసుకునే) రకమే.