విదేశీ చెత్త కంటైనర్ మీద ఫిర్యాదు రాయాలంటే

నా దగ్గరికి వచ్చే ఫిర్యాదు చిత్తుల్లో మొదటి పేజీ నిండా భూమాత, భావి తరాలు ఉంటాయి. కంటైనర్ నంబరేమో ఎక్కడో చివర ఉంటుంది. ఆ మొదటి పేజీ మొత్తం కొట్టేయడంతోనే నా పని మొదలవుతుంది.

ముందు చెత్త పంపిన దేశం, దిగుమతి చేసుకున్న మీ దేశం రెండూ బాసెల్ ఒప్పందంలో (ప్రమాదకర చెత్త, మరికొన్ని రకాల చెత్త దేశాలు దాటడాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) ఉన్నాయో లేదో చూడండి. 1989లో కుదిరిన ఈ ఒప్పందం 1992లో అమల్లోకి వచ్చింది. సంతకం పెట్టినంత మాత్రాన సభ్యదేశం అయిపోదు. అమెరికా 1990లోనే సంతకం పెట్టింది కానీ నేటికీ ఆమోదించలేదు. అలాంటి దేశం నుంచి సరుకు వస్తే ఇక లాభం లేదని చాలామంది వదిలేస్తారు. నిజానికి అప్పుడే మీ ఫిర్యాదు గట్టిపడుతుంది. ప్రత్యేక ఒప్పందమేదీ లేకపోతే సభ్యేతర దేశం నుంచి ఈ ఒప్పందం కిందికి వచ్చే చెత్తను రానివ్వడానికే వీల్లేదు.

తర్వాత సరుకేమిటో తేల్చుకోవాలి. కేసు నిలిచేదీ వీగిపోయేదీ ఇక్కడే. 2021 జనవరి 1 నుంచి అమలైన ప్లాస్టిక్ సవరణల ప్రకారం, రకాలవారీగా వేరుచేసి, శుభ్రంగా, రీసైక్లింగ్‌కి పంపే ప్లాస్టిక్ ఒప్పందం జాబితాలోని బీ3011 అనే కోడ్ కిందికి వస్తుంది. దానికి ముందస్తు సమ్మతి అక్కర్లేదు. కలగాపులగంగా, మురికిగా ఉంటే కోడ్ వై48. దానికి దిగుమతి దేశం రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే ఓడ ఎక్కించాలి. మోసం చేసేవాళ్లు కాగితాల మీద బీ3011 అనే రాస్తారు. అందుకే ఫొటోలు వరుసగా ఉండాలి: తలుపు మీద నాలుగు అక్షరాలూ ఏడు అంకెలూ ఉన్న కంటైనర్ నంబర్, తెంచకముందు సీలు, తెరిచాక బేళ్లు, ఆ బేళ్లలోంచి తీసిన డైపర్లు, ఎంగిలి కవర్లు. మధ్యలో ఒక్క ఫొటో తగ్గినా "ఇది మా కంటైనర్ కాదు" అంటారు.

ఎలక్ట్రానిక్ చెత్తకు ఇంత గొడవ లేదు. 2025 జనవరి 1 నుంచి ప్రమాదకరమైనా కాకపోయినా ముందస్తు సమ్మతి ఉండాల్సిందే.

ఫిర్యాదులో మొదట మీ దేశపు దిగుమతి నిబంధన రాయండి, బాసెల్‌ని దాని కింద పెట్టండి. సరుకు ఆపినా, జరిమానా వేసినా అధికారి ఆ నిబంధన కిందే చేస్తాడు. బాసెల్ కోసం ప్రతి దేశం ప్రకటించిన అధికార సంస్థ పేరు ఆ ఒప్పందం వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఫిర్యాదు దానికి పంపి, నకలు ఒకటి కస్టమ్స్‌కి ఇవ్వండి.

ఏం చేయమంటున్నారో కూడా స్పష్టంగా ఉండాలి. సమ్మతి లేకుండా గానీ, తప్పుడు వివరాలతో సమ్మతి సంపాదించి గానీ పంపితే 9వ అధికరణం ప్రకారం అది అక్రమ రవాణా. తప్పు పంపినవాళ్లదైతే, తమకు సమాచారం అందిన 30 రోజుల్లోగా ఎగుమతి దేశం దాన్ని వెనక్కి తీసుకునేలా చూడాలి. రెండు దేశాలూ కలిసి వేరే గడువు పెట్టుకోవచ్చు. ఆ సమాచారం వెళ్లనంతవరకూ గడువు మొదలే కాదు, కాబట్టి "ఎగుమతి దేశానికి ఏ తేదీన తెలియజేశారో నాకు చెప్పండి" అన్న వాక్యం తప్పకుండా చేర్చండి.

ఒక్క జాగ్రత్త. కోపంలో స్థానిక దిగుమతిదారే దొంగ అని రాసేయకండి. తప్పు అతనిదని తేలితే చెత్తను సురక్షితంగా వదిలించే బాధ్యత దిగుమతి దేశం మీదే పడుతుంది, కంటైనర్ మీ దగ్గరే ఉండిపోతుంది. అతని పాత్రకు కాగితం ఉంటేనే రాయండి.