వరదలో మునిగిన బావి నీళ్లు మళ్లీ తాగాలంటే

2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. అలాంటి వరద మురుగును బావిలోకీ తెస్తుంది.

ముందు బావి తోడి పూడిక తీయించండి. బురద మిగిలితే, క్రిములను చంపడానికి వేసే బ్లీచింగ్ పౌడర్‌లోని క్లోరిన్‌ను అదే తినేస్తుంది. ఒంటరిగా ఎవరినీ దింపొద్దు, అడుగున విషవాయువు ఉండొచ్చు.

నీరు ఊరాక ఎన్ని లీటర్లుందో లెక్క కట్టండి. గుండ్రని బావిలో మీటరున్నర వెడల్పు, 4 మీటర్ల లోతు నీరుంటే సుమారు 7,000 లీటర్లు. వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల చొప్పున 18 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్ కనీసం కావాలి. గాలి తగిలిన పాత పొడి దండగ.

పొడిని ముద్దగా కలిపి, బకెట్లో నీళ్లు పోసి 10 నిమిషాలు ఆగండి. పైతేట మాత్రమే బావిలో పోయాలి. అడుగున తెల్లగా దిగిన సున్నం పోస్తే నీళ్లు కఠినమవుతాయి. బొక్కెనతో బాగా కలిపి, గంటయ్యాక క్లోరిన్ పరీక్ష చేయండి. లీటరుకు 0.5 మిల్లీగ్రాముల కన్నా తక్కువుంటే మళ్లీ వేయాల్సిందే.