రాజకీయాల మీద సొంతంగా రాయడం ఎలా మొదలుపెట్టాలి?

టీ కొట్టు దగ్గర, పెళ్లి భోజనాల బంతిలో, రైల్లో పక్క సీటాయనతో మనం గంటలకొద్దీ రాజకీయాలు మాట్లాడతాం. అదే విషయం మీద రెండు పేజీలు రాయమంటే చాలామంది ఆగిపోతారు, భాష రాక కాదు, మాటల్లో చెల్లిపోయినవన్నీ కాగితం మీద చెల్లవని లోపల తెలుసు కాబట్టి. నాయకుడి మీద అభిమానంతోనో కోపంతోనో రాసినవి మన దగ్గర కుప్పలుగా ఉన్నాయి. చట్టం తెరిచి, బడ్జెట్ కాగితం తిరగేసి, ఒక మామూలు మనిషి తన మాటల్లో రాసినవే తక్కువ. అలాంటి రాతలు మనకు చాలా కావాలి. అందుకే ఇది.

ముందు ప్రశ్నను చిన్నది చేసుకోండి

"మన విద్యా వ్యవస్థ ఎందుకు ఇలా ఉంది" అని మొదలుపెడితే మూడో పేరాకే ఊపిరి ఆడదు. "మా ఊరి ప్రాథమిక పాఠశాలలో ఎంతమంది టీచర్లు ఉండాలి, ఎంతమంది ఉన్నారు" అని మొదలుపెట్టండి. దీనికి జవాబు దొరుకుతుంది. 2009 విద్యాహక్కు చట్టం చివర ఒక షెడ్యూల్ ఉంది, ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ఉన్న బడిలో 60 మంది వరకు పిల్లలుంటే ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా అయితే ముగ్గురు ఉండాలని అందులో రాసుంది. మీ బడి లెక్క బడుల వివరాల కోసం కేంద్రం నడిపే యూడైస్ ప్లస్ వెబ్‌సైట్‌లో చూడొచ్చు, లేదా నేరుగా హెడ్మాస్టరు గారిని వెళ్లి అడగొచ్చు. చట్టం ఏమంటోంది, ఊళ్లో ఏముంది, ఈ రెండింటి మధ్య తేడా ఎంత: మొదటి వ్యాసానికి ఇంత సరుకు చాలు. పెద్ద సిద్ధాంతాలు ఆ తేడా ఎందుకొచ్చిందని అడగడం మొదలుపెట్టాక వాటంతటవే వస్తాయి.

అసలు కాగితం చదవండి

ఇక్కడ బద్ధకించొద్దు, మిగతా అన్ని చోట్లా కాస్త అటూఇటూ అయినా పర్వాలేదు.

ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం, 2014 తీసుకోండి. పదేళ్లకు పైగా రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి ఎన్నికలో దీని పేరు వినిపిస్తూనే ఉంది, దాన్ని తెరిచి చదివినవాళ్లు మాత్రం తక్కువ. ప్రత్యేక హోదా ఆ చట్టంలో ఉందని చాలామంది అనుకుంటారు. లేదు. అది 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ చేసిన ప్రకటనలో ఉంది, ఐదేళ్ల పాటు ఇస్తామని. సభలో ప్రధాని ఇచ్చిన మాటకు ఎంత విలువ ఉండాలి, తర్వాత వచ్చిన ప్రభుత్వం దానికి కట్టుబడాలా వద్దా అన్నది చాలా మంచి చర్చ, కానీ "చట్టాన్ని ఉల్లంఘించారు" అని మొదలుపెడితే ఆ చర్చ దాకా వెళ్లకుండానే మీ వ్యాసం పడిపోతుంది.

అదే చట్టంలో పదమూడో షెడ్యూల్ చూడండి. కడప, ఖమ్మం జిల్లాల్లో ఉక్కు కర్మాగారాల దగ్గరకొచ్చేసరికి, ఆరు నెలల్లో సాధ్యాసాధ్యాలు పరిశీలించాలని కేంద్ర ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్‌కు చెప్పారు. తెలంగాణలో రైల్వే కోచ్ ఫ్యాక్టరీకీ అదే తీరు, పరిశీలించాలి అనే. కేంద్ర ప్రభుత్వ విద్యుత్ సంస్థ ఎన్టీపీసీ పెట్టే 4000 మెగావాట్ల విద్యుత్ కేంద్రం దగ్గర మాత్రం బొగ్గు ఏర్పాట్లు అయ్యాక స్థాపించాలి అని ఉంది. రాసినవాళ్లకు ఈ తేడా తెలుసు, ఊరికే అలా రాయరు. మనం చదవకపోతే "ఇస్తామన్నారు" అనే పార్టీని, "ఇస్తామనలేదు" అనే పార్టీని చూస్తూ కూర్చోవడమే.

చట్టాలు ఇండియా కోడ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. బిల్లుల సారాంశాలు పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ వాళ్లు తేలిక ఇంగ్లిష్‌లో ఇస్తారు. పార్లమెంటులో ఎవరేం మాట్లాడారో సంసద్ సైట్‌లో ఉంటుంది. రాష్ట్ర బడ్జెట్ పుస్తకాల్లో ఒక్క చిట్కా గుర్తుపెట్టుకోండి: ప్రతి పద్దు ఎదురుగా బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, అసలు ఖర్చు అని వేర్వేరు అంకెలు ఉంటాయి. పేపర్లో హెడ్డింగ్ అయ్యేది ఎక్కువగా మొదటిది. అసలు ఖర్చు రెండేళ్లు ఆలస్యంగా వస్తుంది, అంటే 2025-26 బడ్జెట్లో కనిపించే అసలు లెక్క 2023-24ది. ఒకే ఏడాదికి ఏ శాఖకు ఎంత ప్రకటించారు, చివరికి ఎంత ఖర్చు పెట్టారు అని ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి రాస్తే అది ఏ టీవీ డిబేట్‌లోనూ దొరకని విషయం అవుతుంది.

కాగితం బయట లేకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. కేంద్ర కార్యాలయాలకైతే ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి, ఎందుకు అడుగుతున్నారో మీరు చెప్పక్కర్లేదు. "రోడ్డు ఎందుకు వేయలేదు" అని అడిగితే డొంకతిరుగుడు జవాబొస్తుంది. "ఫలానా రోడ్డు అంచనా ప్రతి, పని మంజూరు ఉత్తర్వు నకలు, చెల్లించిన బిల్లుల నకళ్లు ఇవ్వండి" అని అడగండి.

ఎదుటివాళ్ల వాదన బాగా రాయండి

రిజర్వేషన్లయినా, ఉచిత పథకాలైనా, రాజధాని అయినా, మీకు నచ్చని పక్షం వాదనను ఆ పక్షం మనిషి చదివి "అవును, మేమనేది ఇదే" అనేటట్టు ఒక పేరా రాయండి. తర్వాత మీరెందుకు ఒప్పుకోరో చెప్పండి. ఆ పేరా రాయలేకపోతున్నారంటే ఇంకొంచెం చదవాలి, అంతే.

భావాల మీద రాయాలనుకునేవాళ్లకు రాజ్యాంగ సభ చర్చలు మంచి చోటు. 1949 నవంబర్ 25న అంబేడ్కర్ చేసిన ప్రసంగం ఒక్కటి నెమ్మదిగా చదవండి. రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం, ఈ రెండింటినీ మోస్తూ 1950 జనవరి 26లోకి అడుగుపెడుతున్నాం అని హెచ్చరించిన ప్రసంగం అది. రాజకీయాల్లో వ్యక్తి పూజ నియంతృత్వానికి దారి తీస్తుందన్నది కూడా అందులోనే. ఫ్లెక్సీలకు పాలాభిషేకాలు చేసే మన రాష్ట్రాల్లో దాని మీద పది వ్యాసాలు రాయొచ్చు.

కేసుల టెన్షన్ గురించి

భయపడి మానేయొద్దు, తెలుసుకుని రాయండి. జనం తరచూ చెప్పే, ఆన్‌లైన్‌లో అభ్యంతరకరంగా రాస్తే శిక్షించే ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చిలోనే కొట్టేసింది. పరువు నష్టం మాత్రం ఇప్పటికీ నేరమే, భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు పడొచ్చు. ప్రభుత్వ పదవిలో ఉన్నవాళ్ల పనితీరు మీద సదుద్దేశంతో చెప్పే అభిప్రాయానికి అందులోనే మినహాయింపు ఉంది. కాబట్టి "ఆయన తినేశాడు" అని రాయకండి. "కాగ్ నివేదిక ఫలానా పేజీలో ఈ పని గురించి ఇలా ఉంది, దీనికి మంత్రి గారు జవాబు చెప్పాలి" అని రాయండి (కాగ్ అంటే ప్రభుత్వ ఖర్చుల లెక్కలు తనిఖీ చేసే రాజ్యాంగ సంస్థ). ఇదే ఎక్కువ గట్టిగా తగులుతుంది కూడా. కులం, మతం పేరుతో మనుషుల మధ్య ద్వేషం పెంచే మాట చట్టం కోసమే కాదు, ఎవరి కోసమూ రాయొద్దు. మీరు ప్రభుత్వ ఉద్యోగి అయితే ముందు మీ ప్రవర్తనా నియమావళి చదవండి, కేంద్ర ఉద్యోగులకు ప్రభుత్వ విధానాలను బహిరంగంగా విమర్శించడం మీద 1964 నిబంధనల్లో ఆంక్షలున్నాయి.

రాసి, పంపించండి

మొదటిది 600 పదాలు దాటనివ్వకండి. ఒక రాత్రి పక్కన పెట్టి, పొద్దున పైకి చదవండి, నోరు తిరగని వాక్యాన్ని విరగ్గొట్టండి. మీ పార్టీ కాని స్నేహితుడికి ఒకరికి చూపించండి. తప్పు బయటపడితే గుట్టుగా మార్చేయకుండా, ఏ తేదీన ఏం సరిదిద్దారో అక్కడే రాయండి. మిమ్మల్ని తిట్టినవాళ్లలో ఆధారం చూపించినవాళ్లకు మాత్రం తప్పకుండా జవాబివ్వండి, వాళ్లలోంచే రెండో వ్యాసానికి ప్రశ్న దొరుకుతుంది.